జౌళి కోటాల బేరం: సిమ్లా నుంచి షాంఘై దాకా

ఒక దేశం నుంచి మరో దేశానికి ఏడాదికి ఇన్ని గజాల బట్ట, ఇన్ని డజన్ల చొక్కాలకు మించి వెళ్లకూడదని రెండు ప్రభుత్వాలు కూర్చుని రాసుకునే ఒడంబడికే జౌళి ఎగుమతి పరిమితి ఒప్పందం. సరుకు వద్దనుకున్న దేశం తన రేవులోనే అడ్డుకట్ట వేసుకోవడం మామూలు పద్ధతి. ఈ ఒప్పందంలో ఆ కాపలా అమ్మే దేశం మీద పడుతుంది. తన మిల్లులకు, తన వ్యాపారులకు వాటాలు పంచి, లెక్క దాటకుండా చూసే పని తానే చేయాలి. కాగితం మీద దీని పేరు స్వచ్ఛంద పరిమితి. అయితే మీరు తగ్గించుకోకపోతే మేమే సుంకం పెంచుతాం, లేదా చట్టం చేస్తాం అనే బెదిరింపు దాదాపు ప్రతిసారీ దాని వెనక ఉంది.

మరి అమ్మేవాడు ఎందుకు ఒప్పుకుంటాడు? సరుకు తగ్గితే దాని ధర పెరుగుతుంది. పెరిగిన ఆ ధర సుంకంగా కొనేవారి ఖజానాకు చేరదు, కోటా దక్కిన ఎగుమతిదారు జేబులోకే వెళ్తుంది. పాత వ్యాపారులకు వాటా ఖాయమవుతుంది, కొత్తవాళ్లకు తలుపు మూసుకుంటుంది. కొనే దేశానికీ ఇందులో సౌలభ్యం ఉంది. 1947 నాటి గాట్ అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం దిగుమతుల మీద సంఖ్యా పరిమితులను మొత్తంమీద నిషేధించింది. అత్యవసర రక్షణ కావాలంటే అన్ని దేశాలకూ ఒకేలా వర్తింపజేయాలి, నష్టపోయిన వారికి పరిహారం ఇవ్వాలి. ఒక్క దేశాన్ని పక్కకు పిలిచి మాట్లాడుకుంటే ఆ బాధ తప్పుతుంది.

ఈ చరిత్రలో పదే పదే కనబడే విషయం ఒకటి ఉంది. బట్ట గురించి మొదలైన బేరం బట్ట దగ్గర తేలదు. సిమ్లాలో అది పత్తి బేళ్ల దగ్గర తేలింది. వాషింగ్టన్‌లో ఒక ద్వీపసమూహం పేరుతో ముడిపడింది. ఆ ముడిని విప్పి చూస్తేనే ఎవరు లాభపడ్డారో, ఎవరి బతుకు లెక్కలోకి రాలేదో తెలుస్తుంది.

సిమ్లా, 1933: బేళ్లకు గజాలు

1931 డిసెంబరులో జపాన్ ఆర్థిక మంత్రి తకాహాషి కొరెకియో యెన్‌కు బంగారంతో ఉన్న ముడి విప్పేశాడు. ఏడాది తిరిగేసరికి డాలరుతో పోలిస్తే యెన్ విలువ సగానికి పైగా పడిపోయింది. ఒసాకా మిల్లుల బట్ట బొంబాయి, కలకత్తా, మద్రాసు రేవుల్లో అమాంతం చౌకైంది. 1932-33లో జపాన్ నుంచి భారతదేశానికి వచ్చిన నూలు బట్ట సుమారు 58 కోట్ల గజాలు. తరతరాలుగా ఈ మార్కెట్టును ఏలిన ఇంగ్లండులోని లాంకషైర్ ఆ ఏడాది పంపింది 60 కోట్ల గజాలకు కాస్త అటూ ఇటూ. రూపాయిని పౌండుకు కట్టి ఉంచడంతో తన నాణెం విలువ తగ్గించుకునే స్వేచ్ఛ ఢిల్లీకి లేదు. చేతిలో మిగిలింది సుంకమే.

1932 ఆగస్టులో బ్రిటన్‌వి కాని నూలు బట్టల మీద సుంకాన్ని 50 శాతానికి, 1933 జూన్‌లో 75 శాతానికి పెంచారు. బ్రిటిష్ బట్ట మీద మాత్రం 25 శాతమే. ఈలోగా ఏప్రిల్‌లోనే, జపాన్‌తో 1904 నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందాన్ని రద్దు చేస్తున్నట్టు ఆరు నెలల నోటీసు వెళ్లింది.

జపాన్ నూలు మిల్లుల సంఘం బదులివ్వడానికి ఎక్కువ కాలం తీసుకోలేదు. ఇకమీదట భారత పత్తి కొనేది లేదని జూన్‌లోనే తీర్మానించింది. దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. మన పొట్టి పింజ పత్తికి జపానే అతిపెద్ద కొనుగోలుదారు. ప్రపంచ మాంద్యంతో అప్పటికే ధర పడిపోయి అప్పుల్లో ఉన్న రైతు చేతిలో పత్తి అలాగే ఉండిపోయే పరిస్థితి వచ్చింది. బొంబాయి మిల్లు యజమాని గోడ ఇంకా ఎత్తు చేయమంటున్నాడు, బేరారు పత్తి రైతుకు ఆ గోడే ఉరితాడవుతోంది. ఇద్దరూ ఒకే ప్రభుత్వం గుమ్మం ముందు నిలబడ్డారు.

సెప్టెంబరులో జపాన్ ప్రతినిధి వర్గం సిమ్లా చేరింది. నాయకుడు దౌత్యవేత్త సవాడా సెత్సుజో. భారత ప్రభుత్వం తరఫున వాణిజ్య సభ్యుడు సర్ జోసెఫ్ భోర్ నాయకత్వం వహించాడు. ఒసాకా, బొంబాయి, లాంకషైర్ మిల్లుల ప్రతినిధులు కూడా ఆ దరిదాపుల్లోనే ఉన్నారు. వాళ్లలో వాళ్లు తేల్చుకోలేకపోయారు. అక్టోబరు చివర బొంబాయి మిల్లు యజమానుల సంఘం అధ్యక్షుడు హోమీ మోదీ, లాంకషైర్ బృందం నాయకుడు విలియం క్లేర్-లీస్ విడిగా ఒక ఒడంబడిక కుదుర్చుకున్నారు. అహ్మదాబాదు మిల్లుదారులకు అది ససేమిరా నచ్చలేదు. ప్రభుత్వాల మధ్య చర్చలు మాత్రం చలికాలంలో ఢిల్లీకి మారి, 1934 జనవరి మొదటి వారంలో ఒక కొలిక్కి వచ్చాయి. జూలై 12న లండన్‌లో సంతకాలయ్యాయి.

ఆ ఒప్పందం లెక్క దగ్గరగా చూడదగ్గది. ఒక ఏడాదిలో జపాన్ 10 లక్షల బేళ్ల భారత పత్తి కొంటే 32.5 కోట్ల గజాల బట్ట అమ్ముకోవచ్చు. అంతకు మించి కొన్న ప్రతి 10,000 బేళ్లకు మరో 15 లక్షల గజాలు. తగ్గితే ప్రతి 10,000 బేళ్లకు 20 లక్షల గజాలు కోత. 15 లక్షల బేళ్ల దగ్గర 40 కోట్ల గజాలు, అదే గరిష్ఠం. అంటే 12 లక్షల బేళ్లు కొన్న ఏడాది 35.5 కోట్ల గజాలకు అనుమతి దొరుకుతుంది. తక్కువ కొంటే పడే శిక్ష, ఎక్కువ కొంటే దక్కే బహుమతి కన్నా పెద్దదిగా ఉండటం గమనించాలి. ఆ తేడా పత్తి రైతు కోసం పెట్టింది. పత్తి లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా, బట్ట లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ముందు కొని చూపించు, ఆ తర్వాత అమ్ముకో అన్నమాట.

దీనికి బదులుగా సుంకం 75 నుంచి 50 శాతానికి దిగింది, పత్తి బహిష్కరణ ఎత్తేశారు. మొత్తం గజాలను నాలుగు రకాలుగా విడగొట్టారు: సాదా కోరా బట్ట 45 శాతం, అంచు కోరా 13, చలువ చేసింది 8, రంగుదీ అద్దకందీ 34. ఈ విభజన లేకపోతే జపాన్ మిల్లులు కోటా అంతటినీ ఎక్కువ లాభం వచ్చే ఒక్క రకంతో నింపేసి, ఆ రకం తయారుచేసే మన మిల్లులను ముంచేసేవి.

సందులు లేకపోలేదు. కత్తిరింపు ముక్కలు ఆ గజాల లెక్కలో లేవు. కృత్రిమ పట్టు కూడా లేదు. రెండూ పెరిగాయి. 1937లో ఒప్పందాన్ని పొడిగించినప్పుడు ముక్కలకూ విడిగా ఒక పరిమితి పెట్టారు. అదే ఏడాది బర్మా భారతదేశం నుంచి విడిపోవడంతో మూల కోటా 28.3 కోట్ల గజాలకు దిగింది.

ఇంత లెక్క వేసిన బల్ల దగ్గర చేనేత కార్మికుడికి కుర్చీ లేదు. దక్షిణాది నేతగాళ్ల ఆర్థిక దుస్థితి మీద నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా 1930లోనే ఆంగ్లంలో పుస్తకం ప్రచురించాడు. అంటే ప్రభుత్వానికి సమాచారం అందక కాదు. పత్తి రైతు వెనక జపాన్ బహిష్కరణ అనే ఆయుధం ఉంది, మిల్లు యజమాని వెనక డబ్బు ఉంది. నేతగాడి వెనక నిలబడిన వాడెవడూ లేడు. ఈ పరిశీలన సిమ్లాకే కాదు, తర్వాత వచ్చిన చాలా ఒప్పందాలకూ వర్తిస్తుంది.

ఒక డాలరు బ్లౌజు, ఒక ఎన్నికల హామీ

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆట సిమ్లా నుంచి అమెరికా దక్షిణ రాష్ట్రాలకు మారింది. 1955 సెప్టెంబరులో జపాన్ గాట్‌లో చేరింది. అమెరికా దుకాణాల్లో ఒక్క డాలరుకే అమ్మే జపాన్ నూలు బ్లౌజులు వెల్లువెత్తాయి. 1956లో దక్షిణ కరోలినా, అలబామా రాష్ట్రాలు జపాన్ బట్టలు అమ్మే దుకాణం ఆ సంగతి తెలిపే బోర్డు పెట్టాలని చట్టాలు చేశాయి. యుద్ధం ముగిసి పదకొండేళ్లే అయిన ఆ రోజుల్లో అలాంటి బోర్డుకు అర్థం ఏమిటో కొనేవారికీ తెలుసు, టోక్యోకూ తెలుసు. 1957 జనవరిలో జపాన్ అయిదేళ్ల స్వచ్ఛంద పరిమితి ప్రకటించింది. నూలు జౌళి మొత్తం ఏడాదికి 23.5 కోట్ల చదరపు గజాలు, అందులో బ్లౌజులకు, గళ్ల బట్టకు, వెల్వెటీన్‌కు విడివిడి హద్దులు.

జపాన్ మాట నిలబెట్టుకుంది. ఆ ఖాళీలోకి హాంకాంగ్ వచ్చి కూర్చుంది. అమెరికా మిల్లులకు ఒరిగింది అంతంతమాత్రమే. ఒక దేశంతో చేసుకున్న కట్టడి మరో దేశానికి మార్కెట్టు తెరిచి పెడుతుందన్న పాఠం ఇక్కడే నేర్చుకున్నారు. అందుకే 1961లో కెనెడీ ప్రభుత్వం జెనీవాలో అనేక దేశాలను కూర్చోబెట్టి నూలు జౌళి మీద ఏడాది ఒప్పందం చేయించింది. 1962లో వచ్చిన దీర్ఘకాలిక ఒప్పందం 1973 దాకా సాగింది. కానీ అది నూలుకే. అప్పటికే మిల్లులు పాలిస్టరు వైపు తిరుగుతున్నాయి.

1968 అధ్యక్ష ఎన్నికల్లో రిచర్డ్ నిక్సన్‌కు దక్షిణాది ఓట్లు కావాలి. ఉన్ని, కృత్రిమ నార బట్టల దిగుమతులను కూడా కట్టడి చేస్తానని ఆ ఆగస్టులో మాట ఇచ్చాడు. గెలిచాక వాణిజ్య మంత్రి మారిస్ స్టాన్స్‌ను 1969 మేలో టోక్యో పంపాడు. ఆయన అక్కడికి చేరేసరికే జపాన్ పార్లమెంటు దిగువ సభ ఆ కోరికను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసి ఉంది. అమెరికా అన్ని రకాలనూ కలిపి ఒకే చట్రంలో బిగించాలంది. ఏ రకం వల్ల మీ మిల్లుకు నష్టమో ఆధారాలు చూపండి, ఆ రకం గురించి మాత్రమే మాట్లాడదాం అంది జపాన్. గాట్ నియమం ప్రకారం చూస్తే న్యాయం జపాన్ వైపే ఉంది.

అయితే ప్రధాని సాతో ఐసాకుకు బట్ట కన్నా పెద్ద కోరిక ఒకటి ఉంది. యుద్ధం నాటి నుంచి అమెరికా ఏలుబడిలో ఉన్న ఒకినావా దీవులు తిరిగి కావాలి. 1969 నవంబరులో వాషింగ్టన్ శిఖరాగ్ర సమావేశానికి ముందు సాతో తరఫున వకాయిజుమి కెయ్ అనే ఆచార్యుడు, నిక్సన్ తరఫున హెన్రీ కిసింజర్ ఎవరికీ తెలియని దారిలో మాట్లాడుకున్నారు. మారుపేర్లతో ఫోన్లు చేసుకున్నారు. రెండు దేశాల వాణిజ్య అధికారులకు ఈ సంగతి తెలియదు. 1972లో ఒకినావా తిరిగి ఇస్తామని సమావేశంలో ప్రకటన వెలువడింది. జౌళి సంగతి త్వరలో తేలుస్తానని సాతో ఒప్పుకున్నాడని నిక్సన్ పక్షం గట్టిగా నమ్మింది. అలాంటి రహస్య ఒప్పందం ఏదీ లేదని సాతో స్వదేశంలో చెప్పాడు. ఆ రహస్య రాయబారం కథను వకాయిజుమి 1994లో తన పుస్తకంలో బయటపెట్టాడు.

తెలియని మాటను అమలు చేయడం అధికారులకు ఎలా సాధ్యం? జపాన్ వాణిజ్య శాఖ మొండికేసింది, జౌళి పరిశ్రమ ఎదురు తిరిగింది. 1970 జూన్‌లో వాణిజ్య మంత్రి మియజావా కీచి వాషింగ్టన్ వెళ్లి స్టాన్స్‌తో మాట్లాడి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. 1971 మార్చిలో జపాన్ జౌళి సమాఖ్యే తనంతట తాను మూడేళ్ల పరిమితి ప్రకటించింది. అమెరికా ప్రతినిధుల సభలో పన్నుల కమిటీ అధ్యక్షుడు విల్బర్ మిల్స్ అది చాలన్నాడు. రకాలవారీ హద్దులు లేని ఆ పరిమితిని నిక్సన్ మూడు రోజుల్లోనే తోసిపుచ్చాడు. మిల్స్ ప్రత్యర్థి పార్టీ నాయకుడు. ఎన్నికల హామీ తీర్చిన పేరు అతనికి పోవడం అధ్యక్షుడికి ఇష్టం లేదు.

1971 ఆగస్టు 15న నిక్సన్ డాలరుకు బంగారంతో బంధం తెంచి, దిగుమతుల మీద 10 శాతం అదనపు సుంకం వేశాడు. జౌళి తగవు తేలకపోతే, శత్రుదేశాలతో వ్యాపారాన్ని కట్టడి చేయడానికి 1917లో చేసిన చట్టం ప్రయోగిస్తామన్న హెచ్చరిక వెళ్లింది. మిత్రదేశం మీద అలాంటి చట్టం! అక్టోబరు 15 ఆఖరి గడువు. జపాన్ కొత్త వాణిజ్య మంత్రి తనకా కకువెయ్ సరిగ్గా ఆ రోజే అమెరికా రాయబారి డేవిడ్ కెనెడీతో అవగాహన పత్రం మీద సంతకం చేశాడు. కృత్రిమ నార బట్టలకు ఏడాదికి 5 శాతం పెరుగుదల, ఉన్నికి 1 శాతం. దక్షిణ కొరియా, తైవాన్, హాంకాంగ్ కూడా అదే సమయంలో తలొగ్గాయి. దెబ్బతిన్న చిన్న మిల్లులకు జపాన్ ప్రభుత్వం పరిహారమిచ్చి, వాటి మగ్గాలను కొని తుక్కు చేయించింది. ఒకినావా 1972 మే 15న తిరిగొచ్చింది.

మూడేళ్ల ఈ తగవు ఫలితం చూస్తే బాధ కలుగుతుంది. జపాన్ కూలీ రేట్లు, యెన్ విలువ పెరిగి, తెచ్చుకున్న కోటాలే తర్వాతి ఏళ్లలో కొన్ని రకాల్లో నిండలేదు. ఇద్దరు నాయకులు కలిసి దెబ్బతీసింది రెండు దేశాల మధ్య నమ్మకాన్ని.

రకం నంబరు 340

ఈ తగవుల కొనసాగింపుగా 1974 జనవరి 1న బహుళ నార ఒప్పందం వచ్చింది. ఇరవై ఏళ్ల పాటు ప్రపంచ జౌళి వ్యాపారం దాని గొడుగు కింద రెండేసి ప్రభుత్వాల మధ్య బేరాలతో నడిచింది. మార్కెట్టు దెబ్బతింటోందని కొనే దేశం భావిస్తే చర్చకు పిలుపు పంపుతుంది. 60 రోజుల్లో తేలకపోతే తానే హద్దు విధిస్తుంది. హద్దుకు ఆధారం గడిచిన పన్నెండు నెలల అసలు ఎగుమతి. అందుకే పిలుపు వస్తుందని పసిగట్టిన ఎగుమతిదారు ముందే వీలైనంత సరుకు పంపి పునాది లెక్కను పెంచుకునేవాడు. ఆ వెల్లువను చూపించి అవతలివాడు పిలుపు పంపేవాడు.

అమెరికా జాబితాలో మగవారి నేత నూలు చొక్కా 340, ఆడవారి నేత నూలు బ్లౌజు 341. తిరుప్పూరు, ఢిల్లీ వ్యాపారులు ఇలాంటి నంబర్లతోనే మాట్లాడుకునేవారు. మామూలుగా ఏడాదికి 6 శాతం పెరుగుదల ఇవ్వాలి. ఒక రకంలో మిగిలిన వాటాను మరో రకానికి కొంత మార్చుకోవచ్చు, నిరుటి మిగులు వాడుకోవచ్చు, వచ్చే ఏటి నుంచి కొంత ముందే తీసుకోవచ్చు. చర్చల్లో అసలు పోరు ఈ శాతాల మీదే. జాబితాలో లేని నారతో స్వెటర్లు అల్లి హద్దు తప్పించుకునే దారి కూడా ఉండేది. రామీ నార అలా ఒక్కసారిగా ఫ్యాషన్ అయింది. 1986లో దాన్నీ లెక్కలోకి తెచ్చారు.

మన దేశంలో దుస్తుల కోటా పంపకం 1978లో ఏర్పడ్డ దుస్తుల ఎగుమతి ప్రోత్సాహక మండలి చేతిలో ఉండేది. ఎక్కువ వాటా గత ఏళ్లలో ఎగుమతి చేసినవారికి. దీంతో ఆ అనుమతి కాగితానికే బజారులో ధర పలికింది. కుట్టేవాడు కాగితం కొనుక్కోవాల్సి వచ్చింది, కాగితం ఉన్నవాడు కుట్టకుండానే సంపాదించాడు. దీన్ని వ్యాపార నేర్పు అనడానికి మనసొప్పదు.

చేనేతకు మాత్రం ఒక కిటికీ తెరిచారు. కుటీర పరిశ్రమగా మగ్గం మీద నేసిన బట్టకు, దాంతో చేత్తో చేసిన వస్తువులకు, సంప్రదాయ జానపద జౌళికి పరిమితి వర్తించదని ఒప్పందం 12వ అధికరణం చెప్పింది. ధ్రువపత్రం ఉండాలి. చీరాల, పోచంపల్లి మగ్గాల మీది బట్ట ఈ నియమం ప్రకారం కోటా బయట వెళ్లగలిగేది. మరి మగ్గం చేతిది, కుట్టుమిషను మోటారుది అయితే ఆ గౌను ఏ లెక్కలోకి వస్తుంది? చిక్కంతా అక్కడే. సిమ్లాలో దొరకని గుర్తింపు కాగితం మీదైనా దొరకడం చిన్న విషయం కాదు. కానీ పెద్ద దుకాణాలు అడిగేది వేల సంఖ్యలో ఒకే కొలత చొక్కాలు. ఆ పనికి మగ్గం సరిపోదు.

కోటాలు కొన్ని దేశాలకు పరిశ్రమనే తెచ్చిపెట్టాయి. కొరియా కోటాల ఒత్తిడిలో ఉన్న దేవూ సంస్థ బంగ్లాదేశ్‌లోని దేశ్ గార్మెంట్స్‌తో చేయి కలిపి, 1979లో ఆ కంపెనీ ఉద్యోగులు 130 మందికి బుసాన్‌లో తర్ఫీదు ఇచ్చింది. వాళ్లలో చాలామంది తర్వాత సొంత కర్మాగారాలు పెట్టారు. 1985లో అమెరికా బంగ్లాదేశ్ మీద కూడా కోటా వేసింది.

గోడ కూలాక

1995 జనవరి 1 నుంచి పదేళ్లలో కోటాలన్నీ ఎత్తేయాలని ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం నిర్ణయించింది. నాలుగు విడతల్లో 16, 17, 18 శాతాలు పోగా, మిగిలిన 49 శాతం చివరి రోజుకు వాయిదా పడింది. ధనిక దేశాలు తమకు నొప్పిలేని సరుకును ముందు విడతల్లో వదిలి, చొక్కాలు, ప్యాంట్లను చివరికి ఉంచుకున్నాయి.

ఆ తొలి ఏడాదే అమెరికా భారతదేశపు నేత ఉన్ని చొక్కాలు, బ్లౌజుల మీద తాత్కాలిక పరిమితి వేసింది. రకం నంబరు 440. ఈసారి ఢిల్లీ బేరంతో సరిపెట్టుకోకుండా కొత్త వివాద పరిష్కార వేదికకు వెళ్లింది. నష్టానికి సరైన ఆధారం చూపలేదని 1997 జనవరిలో వేదిక భారత్ పక్షాన తీర్పు ఇచ్చింది. తీర్పు రాకముందే అమెరికా ఆ పరిమితిని ఎత్తేసింది. జపాన్ 1969లో అడిగిన ఆధారాల ప్రశ్నకు ఒక న్యాయపీఠం విలువ ఇచ్చిన సందర్భం ఇది.

2005 జనవరిలో కోటాలు పోగానే చైనా సరుకు ఉప్పెనలా వచ్చింది. జూన్ 10న షాంఘైలో ఐరోపా వాణిజ్య కమిషనర్ పీటర్ మాండెల్‌సన్, చైనా మంత్రి బో షీలాయ్ పది రకాల మీద 2007 చివరి దాకా హద్దు పెట్టుకున్నారు. అప్పటికే ఆర్డర్లిచ్చి డబ్బు కట్టిన దుకాణాల సరుకు సముద్రం మీద ఉంది. ఆగస్టు నాటికి కోట్ల కొద్దీ స్వెటర్లు, ప్యాంట్లు, బ్రాలు ఐరోపా రేవుల్లో ఇరుక్కుపోయాయి. సెప్టెంబరులో బీజింగ్‌లో మళ్లీ కూర్చుని, సగం సరుకును చైనా వచ్చే ఏటి వాటాలో కోసుకునేట్టు, మిగతా సగాన్ని ఐరోపా అదనంగా అనుమతించేట్టు సర్దుకున్నారు. అమెరికా కూడా నవంబరు 8న చైనాతో ఒప్పందం చేసుకుంది. అది 2008 చివర ముగిసింది.

ఇవాళ జౌళి బేరం సుంకాల శాతాల రూపంలో, ఈ చొక్కాలో నూలు ఏ దేశంలో వడికారన్న నియమాల రూపంలో సాగుతోంది. పేరు మారినా పట్టికలు అవే. అందువల్ల మన ప్రభుత్వం ఏ దేశంతో జౌళి ఒప్పందానికి కూర్చున్నా, సంతకానికి ముందు ఆ అనుబంధ పట్టికలను తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో బయటపెట్టాలి. ఆదిలాబాద్ పత్తి రైతు, మంగళగిరి నేతగాడు, కుట్టుమిషను ముందు కూర్చునే అమ్మాయి చెప్పేది చర్చలకు వెళ్లే అధికారులు ముందుగా వినాలి.